పక్కన పెట్టిన ఉత్తరాలు

సోమవారం ఉదయం బూట్లక్క పనిగదిలోకి వచ్చేసరికి గోడమీద మరో కాగితం అతికించి ఉంది. ఆమె సంచి కొక్కేనికి తగిలించి, నడుముకు తోలు ఏప్రన్ బిగించుకుని, అప్పుడు వెళ్లి చదివింది.

'కుడి బూటు మడమ దగ్గర ఒరుసుకుంటోంది. రెండు రోజులకే బొబ్బ లేచింది. ఇంత పేరున్న చోట చేసే పని ఇదేనా?'

కింద గుమాస్తా ఎర్ర పెన్నుతో గీసిన గీత.

"ఎన్నోది బాబాయ్ ఇది?"

"లెక్కపెట్టడం మానేశాను," అన్నాడు కోతల బాబాయి, తోలు మీద సుద్దతో గీత గీస్తూ. "పెద్దాయనకి ఇంక ఈ గోడకి సున్నం వేయించే పని లేదు."

ఒక కాలు పొట్టిగా ఉన్నవాళ్లకీ, పాదం వంకర తిరిగినవాళ్లకీ, వేళ్లు పోయినవాళ్లకీ కొలత ప్రకారం బూట్లు చేసే వర్క్‌షాపు అది. ముందు గదిలో గుమాస్తా, ఫోను, కంప్యూటరు. వెనక గదిలో వీళ్లిద్దరు. బాబాయి తోలు కోస్తాడు, తోలుతోపాటు మాటలు కూడా కోస్తాడు కాబట్టి ఆ పేరు. బూట్లక్క ఆ తోలును కొయ్య అచ్చు మీదకి లాగి, కుట్టి, సోలు వేసి నిలబెడుతుంది. చాలామంది ఎక్కడెక్కడి నుంచో పాదం బొమ్మ కాగితం మీద గీసి పంపుతారు. చేసిన బూట్లు పెట్టెలో వెళ్లిపోతాయి. ఇరవై ఏళ్లుగా ఆమెకి మనుషుల ముఖాలు తెలియవు, పాదాలు మాత్రమే తెలుసు.

ఆమె ఫిర్యాదు కాగితం మీది నంబరు చూసి, అలమరలోంచి ఆ నంబరు కొలతల కార్డూ, అచ్చూ తీసింది. ఆ అచ్చును ఒళ్లో పెట్టుకుని మడమ చుట్టూ బొటనవేలితో నెమ్మదిగా తడిమింది. ఒకచోట వేలు ఆగింది.

"కుట్టు ఇక్కడికి వచ్చింది బాబాయ్. ఇంకొంచెం పైకి పోవాల్సింది. నా తప్పే."

"నీ తప్పు, నా తప్పు. ఒప్పు మటుకు ఏనాడూ మన మొహాన పడలేదు," అన్నాడు బాబాయి.

పదింటికి పెద్దాయన వచ్చాడు. వర్క్‌షాపు ఆయన తండ్రి పెట్టింది. ఎప్పుడూ వచ్చీ రాగానే ఎండుతున్న తోళ్లను వేళ్ల మధ్య నలిపి చూసేవాడు. ఇవాళ చూడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"వచ్చే సోమవారం రెడీమేడ్ బూట్ల కంపెనీ మనిషి వస్తానన్నాడమ్మా. వాళ్ల దగ్గర తెప్పించి, లోపల దిండు పెట్టి ఇచ్చేద్దామా అని ఆలోచిస్తున్నాను. శనివారం లోపు ఏదో ఒకటి తేల్చుకోవాలి."

"మరి మేము?"

"దిండ్లు కోయడానికి ఒకళ్లు కావాలిగా," అన్నాడు. ఆ 'ఒకళ్లు' అన్న మాట దగ్గర ఆయన గొంతు తగ్గింది. "నాకు మాత్రం ఇష్టమా? గోడ చూడు. ఏడాదిలో బాగుందని ఒక్కళ్లైనా రాశారా?"

బూట్లక్క గోడ చూడలేదు. చేతిలో ఉన్న, తోలుకి బెజ్జం పొడిచే ఆరె మొనను ఏప్రన్‌కు తుడుస్తూ ఉండిపోయింది. ఎవరైనా రాసి ఉంటే గుమాస్తా చెప్పడా?

పెద్దాయన లేచి, గుర్తొచ్చినట్టు జేబులోంచి చీటీ తీశాడు. "గుమాస్తా అత్తగారికి కంటి ఆపరేషనట, శుక్రవారం దాకా రాడు. మెయిల్ పాస్‌వర్డ్ ఇది. నీ దగ్గరున్న పాత కంప్యూటర్లో రోజుకి రెండుసార్లు చూడు, చాలు. ఫిర్యాదులొస్తే రాసిపెట్టు."

"నేనా?"

"బాబాయికిస్తే ప్రపంచం మొత్తానికి జవాబులు రాసేస్తాడు," అని పెద్దాయన వెళ్లిపోయాడు.

మంగళవారం ఉదయం ఆమె ఆ చీటీ ముందు పెట్టుకుని పాత కంప్యూటరు ముందు కూర్చుంది. పెట్టెల మీద అతికించే చిరునామాలు తప్ప ఆ కంప్యూటర్లో ఇంతకాలం ఆమె ఇంకేమీ కొట్టలేదు. ముందు గది నుంచి గోడ వెంబడి వచ్చే నెట్ వైరు ఆ గది దాకా వచ్చేసరికి సగం ప్రాణంతో ఉంటుంది. మెయిల్ పేజీ తెరిస్తే చక్రం తిరిగింది, తిరిగింది, మూడు ఉత్తరాల పేర్లు చూపించి తెల్లబోయింది. మళ్లీ పాస్‌వర్డ్ అడిగింది. నాలుగోసారికి అది కూడా అడగలేదు.

"జిగురు పెట్టి అతికించనా అక్కా?" అన్నాడు బాబాయి.

ఆమె ఫోన్ తీసి మరదలికి చేసింది. మొగుడి చెల్లెలు. కంప్యూటర్లు రిపేరు చేసే షాపులో పని.

"వదినా, నువ్వు నాకు ఫోన్ చేశావంటే ఇంట్లో మిక్సీ అయినా పోవాలి, మా అన్నయ్య అయినా ఏదో తగలేసి ఉండాలి. ఏది?"

"రెండూ కాదు. మెయిల్."

"భోజనాల టైముకి వస్తున్నా. నాక్కూడా ఓ ముద్ద ఉంచు."

వచ్చింది. వస్తూనే కంప్యూటరు వెనక దుమ్ము ఊది, తుమ్మి, వైరు తీసి మళ్లీ గుచ్చింది. "నెట్టు ఇలా వచ్చి పోతుంటే బ్రౌజర్లో మెయిల్ చూడ్డం మన వల్ల కాదు. దీంట్లో మెయిల్ ప్రోగ్రామ్ ఒకటుంది, ఎవరూ వాడలేదు. అది నెట్టు ఉన్న నిమిషంలో ఉత్తరాలు తెచ్చి ఇక్కడే దాచుకుంటుంది. తర్వాత నెట్టు పోయినా తాపీగా చదువుకోవచ్చు. రా, కూర్చో."

"నువ్వు చేసెయ్యవే, నాకు పనుంది."

"నేను చేస్తే రేపు మళ్లీ నాకే ఫోన్. నువ్వే కొట్టు. నేను అన్నం తింటూ చెప్తాను."

పేరు అడిగింది, కొట్టింది. మెయిల్ చిరునామా అడిగింది, చీటీలో చూసి ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. సర్వర్ కోసం తనే వెతుక్కుంటానంది ప్రోగ్రామ్. కాసేపు వెతికి, దొరకలేదంది.

"నా మొహం చూస్తే దానికే తెలిసిపోయినట్టుంది," అంది బూట్లక్క.

"అది అందరికీ అంతే. సర్వర్ పేరు మనమే చెప్పాలి." మరదలు ఎడమచేత్తో తన ఫోన్లో చూసి చదివింది. "ఇప్పుడు చూడు, రెండు రకాలు అడుగుతుంది, పాప్, ఐమ్యాప్. పాప్ అంటే డబ్బాలోంచి ఉత్తరాలు తీసి ఇంటికి తెచ్చేసుకోవడం, మనం చెప్పకపోతే అక్కడ డబ్బా ఖాళీ. ఐమ్యాప్ అంటే అక్కడివి అక్కడే ఉంటాయి, నీకు ఇక్కడా కనిపిస్తాయి."

"రెండోదే. డబ్బా ఖాళీ అయితే శుక్రవారం గుమాస్తా నన్ను ఖాళీ చేస్తాడు."

"బాగా చెప్పావు. పోర్టు దగ్గర తొమ్మిది వందల తొంభై మూడు కొట్టు."

కొట్టింది. పాస్‌వర్డ్ తప్పంది. చీటీ మళ్లీ చూసి, వేలు పెట్టి చదువుకుంటూ కొట్టింది. మళ్లీ తప్పంది.

"తప్పు కాదు, దానికి నమ్మకం లేదు," అంది మరదలు చెయ్యి కడుక్కుంటూ. "బయటి ప్రోగ్రాములు లోపలికి రావాలంటే వేరే పాస్‌వర్డ్ తీసుకోవాలి. మెయిల్ సెట్టింగుల్లో ఉంటుంది. నా ఫోన్లోంచి తెరుస్తా ఆగు." ఆమె అటు నొక్కిందో లేదో పెద్దాయన ముందుగదిలోంచి పరుగులాంటి నడకతో వచ్చాడు.

"నా ఫోనుకి ఏవో ఆరంకెలొచ్చాయి! ఎవరో మన మెయిల్లో దూరుతున్నారు!"

"దూరేది మేమేనండీ. ఆ అంకెలు కాస్త చదవండి," అంది మరదలు.

ఆయన కళ్లజోడు సర్దుకుని, అనుమానంగానే చదివాడు. తెర మీద పదహారు అక్షరాలు వచ్చాయి. మరదలు నాలుగేసి చొప్పున చదివింది, బూట్లక్క పెదవులు కదుపుతూ కొట్టింది. వేలిముద్రలు అరిగిపోయిన ఆ వేళ్లు సూది రంధ్రాన్ని చూడకుండా పట్టగలవు కానీ అక్షరాల మీద తడబడ్డాయి. ఆఖరి అక్షరం కొట్టి ఆమె ఎంటర్ నొక్కింది.

తెర మీద ఎడమవైపు ఒక వరస మొలిచింది. వచ్చినవి. పంపినవి. ఫిర్యాదులు. కింద ఇంకొకటి: పక్కన పెట్టినవి. దాని పక్కన అంకె పెరుగుతోంది. నలభై, తొంభై, నూట అరవై.

"ఇదేంటి?" అంది బూట్లక్క.

"బ్రౌజర్లో ఇది మడతపెట్టి ఉంటుంది, విప్పితే తప్ప కనిపించదు. ఇక్కడ అన్నీ బయటపడతాయి." మరదలు గడియారం చూసి సంచి భుజానికి వేసుకుంది. "చెత్త మెయిళ్లు అయ్యుంటాయి. చూడు వదినా, నేను పోతున్నా. ఈ ముద్దకి ఇంకో ముద్ద బాకీ."

అంకె మూడువందల పన్నెండు దగ్గర ఆగింది. నెట్టు పోయింది. బూట్లక్క పైనున్న ఉత్తరం మీద నొక్కింది. తెరుచుకుంది.

'అయ్యా, ఇవాళ జీవితంలో మొదటిసారి బస్సు కోసం పరిగెత్తాను. బస్సు వెళ్లిపోయింది. అయినా కోపం రాలేదు. స్టాపులో అందరూ నా వైపు చూస్తుంటే నవ్వొచ్చింది. ఈ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక మీకు రాస్తున్నాను.'

ఆమె ఇంకోసారి చదివింది. కింద నంబరు ఉంది. ఎడమ పాదం, మడమ నేలకి ఆననిది. మునివేళ్ల మీద బరువంతా మోసే ఆ పాదానికి బెండు ముక్కలు ఒకదాని మీద ఒకటి అతికించి, అరగదీసి, మళ్లీ అతికించి చేసింది.

"బాబాయ్," అంది. "బాబాయ్, ఇలా రా."

బాబాయి కత్తి కింద పెట్టి వచ్చాడు. ఆమె చదివింది. తర్వాతది చదివింది. ఒకాయన నిచ్చెన ఎక్కి ఇంటికి తనే రంగు వేసుకున్నాడట. ఒకావిడ కాళ్లకి బూట్లున్న సంగతే మర్చిపోతున్నానని రాసింది. ఒక తండ్రి మాటలేమీ రాయలేదు, పాప రెండు కాళ్లతో నీళ్ల గుంటలో గెంతుతున్న ఫొటో పంపాడు. బూట్లు బురదలో మునిగిపోయి ఉన్నాయి.

"తోలు పాడైపోదూ!" అన్నాడు బాబాయి, కళ్లు తుడుచుకుంటూ. ఆ తర్వాత కాసేపటిదాకా ఆయన ఒక్క కోత కూడా కోయలేదు.

పదిహేడో ఉత్తరం దగ్గర ఆమె ఆగిపోయింది.

'రెండేళ్ల కిందట మీరు చేసిన బూట్లతో చదువు ముగించాను, ఇంటర్వ్యూకి వెళ్లాను, ఉద్యోగం తెచ్చుకున్నాను. చేసిన చేతులకి దండం పెట్టాలనుంది. రైల్లో టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. కదిలే రైల్లో పెట్టె పెట్టె తిరగాలి. ఎడమ సోలు పూర్తిగా అరిగిపోయింది. పాదం మళ్లీ గీసి పంపుతున్నాను. నెలాఖరు శనివారం మధ్యాహ్నం నుంచి డ్యూటీ. ఇంకా మూడు వారాలున్నాయి కదా, ఈలోగా ఒక జత అవుతుందా?'

రాసి మూడు వారాలు కావస్తోంది. జవాబు వెళ్లలేదు. మొదలంతా మెచ్చుకోలే కాబట్టి గుమాస్తా పూర్తిగా చదవకుండా పక్కన పెట్టేసి ఉంటాడు.

బూట్లక్క కార్డు తీసింది. ఎవరో అమ్మాయిది, ఎడమకాలు రెండు వేళ్ల మందాన పొట్టి. అచ్చు పైఅరలో ఉంది. దించి, ఉత్తరంతో వచ్చిన పాదం బొమ్మ ప్రింటు తీసి దాని మీద పెట్టి చూసింది. బొటనవేలి పక్కన కొంచెం వెడల్పు పెరిగింది, అంతే.

"శనివారానికి చేద్దాం బాబాయ్."

"తోలు అచ్చు మీద ఆరడానికే రెండు రోజులు. నేనెంత కోతలు కోసినా ఇది కోయలేను."

"ఇప్పుడు కోసి నానబెడితే సాయంత్రం లాగుతాను. గురువారం సాయంత్రానికి ఆరుతుంది. సోలు శుక్రవారం." ఆమె అప్పటికే తోళ్ల చుట్ట విప్పుతోంది.

బాబాయి తోలు పరిచి, మచ్చ లేని చోటు వెతికి సుద్దతో గీశాడు. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని, జీవితంలో మొదటి మెయిల్ రాసింది. 'ఆలస్యానికి క్షమించమ్మా. శనివారం ఉదయం రా. బూట్లు ఉంటాయి.' నెట్టు వచ్చాక పంపింది. పోలేదు. మళ్లీ నొక్కింది. పోలేదు.

"రావడానికో ద్వారం, పోవడానికో ద్వారం వదినా," అంది మరదలు ఫోన్లో. "పోయే ద్వారం మనం పెట్టలేదు, తినే తొందరలో మర్చిపోయా. సెట్టింగుల్లో బయటికి పంపే సర్వర్ అని ఉంటుంది. నేను రానా?"

"వద్దు. చెప్పు, నేను కొడతాను."

అయిదు వందల ఎనభై ఏడు. మళ్లీ ఆ పదహారు అక్షరాలు, ఈసారి పెద్దాయన ఇచ్చిన చీటీ వెనక తను రాసుకున్నవి చూసి. నొక్కింది. ఉత్తరం తెర మీదనుంచి చటుక్కున మాయమై, పంపినవి అన్న చోట తేలింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి ఒక్కత్తే నవ్వుకుంది.

గంటలో జవాబు వచ్చింది. 'నిజంగానా? నేను ఆశ వదిలేసుకుని లోపల అట్ట మడిచి పెట్టుకున్నాను. వస్తాను.'

గురువారం దాకా పని ఒకదాని వెనక ఒకటి తోసుకుంది. నానిన తోలును పటకారుతో అచ్చు మీదకి లాగి, మేకు కొట్టి, మళ్లీ లాగి, ముడత లేకుండా మునివేళ్లతో నునుపు చేసింది. బొటనవేలి పక్క వెడల్పు కోసం అచ్చుకి ముందే చిన్న తోలు ముక్క అతికించి ఉంచింది. మడమ దగ్గర కుట్టును కూడా ముందే కొంచెం పైకి జరిపింది. జిగురు ఆరే ప్రతి పావుగంటా ఉత్తరాలు చదివింది. మధ్యలో కొత్త ఫిర్యాదు ఒకటి వచ్చింది. అదీ రాసిపెట్టింది.

శుక్రవారం ఉదయం గుమాస్తా వచ్చాడు. కంటి ఆపరేషన్ బాగానే జరిగిందని చెప్పి, తెర వైపు చూసి నొసలు ముడిచాడు.

"ఇవన్నీ ఎందుకు తెరిచావక్కా?"

"నువ్వెందుకు మూశావు?"

"మూయడమేంటి? వాటిలో చెయ్యాల్సిన పనేముంది? ఆర్డరైతే ఆర్డర్లలో వేస్తాను, ఫిర్యాదైతే మీకిస్తాను. ఇవి రెండూ కావు. పక్కన పెట్టాను. ఒక్కటైనా చెరిపానా?"

ఆమె గట్టిగా ఏదో అనబోయింది. అతను బెదురుగా నిలబడిన తీరు చూసి ఆగింది. చెరపలేదు నిజమే. ఆమె టికెట్ల అమ్మాయి ఉత్తరం తెరిచి, ఆఖరి నాలుగు వాక్యాలు చదవమంది. అతను చదివాడు. తేదీ చూశాడు. ముఖం పాలిపోయింది.

"రేపా డ్యూటీ?"

"రేపే. బూట్లు సాయంత్రానికి అయిపోతాయి, కంగారు పడకు. కూర్చో. ఇంకోటి చదువు."

ఆమె కిందికి జరుపుతూ వెళ్లి ఒకటి తెరిచి లేచింది. అతను ఆమె కుర్చీలో కూర్చున్నాడు.

'మా అమ్మ పాదం కాగితం మీద ఎలా గీయాలో మీ ఆఫీసు అతను ఫోన్లో ముప్పావు గంట చెప్పాడు. రెండుసార్లు తప్పు గీశాను. ఒక్కసారి కూడా విసుక్కోలేదు. అమ్మ నడుస్తోంది. ఆ అబ్బాయికి ఈ మాట చెప్పండి.'

గుమాస్తా ఆ ఉత్తరాన్ని మళ్లీ మొదటినుంచి చదివాడు. "నాకు గుర్తుంది," అన్నాడు. "ఆవిడ ఏడుస్తూ మాట్లాడింది." తర్వాత మౌస్ పట్టుకున్న చేత్తోనే ముక్కు రుద్దుకున్నాడు. "ఇలాంటివి ఇంకా ఉన్నాయా నా మీద?"

"తొమ్మిది," అన్నాడు బాబాయి. "నా మీద ఒక్కటీ లేదు. తోలు బాగుంది అంటారు, కోసినవాడి ఊసెత్తరు. నేను లెక్కపెట్టుకున్నానులే."

మధ్యాహ్నం దాకా గుమాస్తా ముందుగదికి వెళ్లలేదు. ఫోన్ మోగితే పరుగెత్తి వెళ్లి, మాట్లాడి, మళ్లీ వచ్చి కూర్చున్నాడు. ఆర్డరో ప్రశ్నో ఉండి జవాబు వెళ్లని ఉత్తరాలు ఇంకో నాలుగు దొరికాయి. ఒక్కొక్కరికీ తనే ఫోన్ చేసి క్షమాపణ చెప్పాడు.

శనివారం పొద్దున్నే నెట్టు పూర్తిగా పోయింది. పెద్దాయన పదింటికి వచ్చి ముందుగదిలో కూర్చోబోతుంటే గుమాస్తా ఆయన్ని వెనక గదిలోకి పిలిచాడు.

"మీరోసారి ఇవి చదవాలి."

"నెట్టు లేదుగా?"

"ఇవి ఇక్కడే ఉంటాయి, నెట్టు అక్కర్లేదు. అక్క పెట్టింది," అన్నాడు గుమాస్తా. "ఇన్నాళ్లూ మీకు చూపించకపోవడం నా తప్పు."

పెద్దాయన చదవడం మొదలుపెట్టాడు. మొదట నిలబడి, తర్వాత వంగి, తర్వాత కూర్చుని. బూట్లక్క తల ఎత్తలేదు. ఎడమ బూటు సోలు అంచుకి గరుకు కాగితం పడుతోంది. ఒకసారి పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకోవడం ఓరకంట చూసింది. ఇంకోసారి, ఏ ఉత్తరం దగ్గరో గానీ, ఆయన పైకే నవ్వాడు.

పదకొండు దాటాక టికెట్ల అమ్మాయి వచ్చింది. నల్లకోటు మడిచి చేతిమీద వేసుకుంది. నడుస్తుంటే ఎడమవైపు ఒరిగి లేస్తోంది. గుమ్మంలో నిలబడి ఎవరివంక చూడాలో తెలియక అందరివంకా చూసింది.

"చేసిందెవరండీ?"

బాబాయి వేలు చూపించాడు. బూట్లక్క స్టూలు జరిపి ఆమెను కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుంది. పాత బూటు విప్పింది. లోపల అట్టముక్క చెమటకి నానిపోయి ఉంది. అది తీసి పక్కన పడేసి, పాదాన్ని అరచేతిలోకి తీసుకుంది. ఇరవై ఏళ్లలో తను బూటు చేసిన పాదాన్ని ఇలా పట్టుకున్నది ఏ నాలుగుసార్లో. బొటనవేలి పక్క ఎముక తను ఊహించిన చోటే ఉంది.

కొత్త బూట్లు తొడిగి, తాళ్లు బిగించి, "లే," అంది.

అమ్మాయి లేచింది. గది ఈ చివరినుంచి ఆ చివరికి నడిచింది. అక్కడ తిరిగి వచ్చింది. ఒరగలేదు.

"ఎక్కడైనా నొక్కుతోందా? మడమ దగ్గర? నిజం చెప్పు, మొహమాటం వద్దు."

"లేదు." ఇంకో రెండడుగులు వేసి ఆగింది. "ఇక్కడ మాత్రం కొంచెం బిగుతు." చిటికెన వేలి వైపు చూపించింది.

"రెండు రోజుల్లో సాగుతుంది. సాగకపోతే రాయి. నేను చదువుతాను, నేనే," అంది బూట్లక్క.

పెద్దాయన కుర్చీలోంచి ఇదంతా చూస్తున్నాడు. లేచి వచ్చి బల్ల మీద ఆరుతున్న తోలు అంచును రెండు వేళ్ల మధ్య నలిపి చూశాడు. "సోమవారం ఆ కంపెనీ అతన్ని రావద్దని చెప్పు," అన్నాడు గుమాస్తాతో. "ఇక్కడ చేతిపనే ఇలాగే సాగుతుందని చెప్పు. ఇంకేమీ చెప్పక్కర్లేదు." బూట్లక్క వైపు తిరిగి ఏదో అనబోయి, "ఈ గదికి మంచి వైరు ఒకటి లాగించాలి," అని మాత్రం అన్నాడు.

బాబాయి దగ్గాడు. "కోత బాగుందని కూడా ఎవరైనా రాస్తే బాగుండు."

"రాస్తానండీ, ఇవాళే రాస్తాను," అంది అమ్మాయి నవ్వుతూ. గోడ గడియారం చూసి ఉలిక్కిపడింది. "అమ్మో, రైలు!"

కోటు తొడుక్కుంటూనే మెట్లు దిగింది. బూట్లక్క ఏప్రన్‌తోనే గుమ్మం దాకా వచ్చింది. రోడ్డు మీద రద్దీగా ఉంది. అమ్మాయి ఓ క్షణం ఆగి, ఆటో వెళ్లిపోయాక, ఎదురుగా వస్తున్న సైకిల్‌ని తప్పించుకుని రెండంగల్లో అవతలి ఒడ్డుకి చేరింది. ఒక్కసారి కూడా కాళ్ల వంక చూసుకోలేదు. తలెత్తి, స్టేషన్ వైపు వెళ్లే జనంలో కలిసిపోయింది. అన్ని కాళ్ల మధ్య ఆ రెండు కాళ్లు ఏవో బూట్లక్కకి కూడా ఇక తెలియలేదు.

ఆమె సంతృప్తిగా లోపలికి తిరిగి, అలమరలోంచి తర్వాతి అచ్చు తీసుకుంది.